లేని క్లచ్ ప్లేటు అరిగిందని రాశాను

నా చెవుల మీద నాకుండిన గర్వం అంతా ఇంతా కాదు. వనపర్తిలో మా సర్వీసు సెంటరు గేటు దాటి బండి లోపలికి వస్తుంటే, నేను షెడ్డులో చాయ్ తాగుతూ కూర్చునే దాని జబ్బు చెప్పేవాణ్ని. ట్యాపెట్ లూజయిందనో, చక్రం బేరింగు పోయిందనో, సైలెన్సర్‌కు చిల్లు పడిందనో బండి ఆగేలోపే చెప్పేసి, ఎవరైనా విన్నారా అని చుట్టూ చూసేవాణ్ని. ఎవరూ వినకపోతే ఇంకోసారి గట్టిగా చెప్పేవాణ్ని. మొదట నాగర్‌కర్నూల్ బస్టాండు పక్కన జీపుల షెడ్డు, ఆ తర్వాత ట్రాక్టర్లు, చివరి పన్నెండేళ్ళు ఈ కార్ల సెంటరులో ఫోర్‌మన్ ఉద్యోగం. అంతా చెవుల మీదే గడిచింది.

రిటైరై రెండేళ్ళవుతోంది. అప్పుడప్పుడు ఐటిఐ వాళ్ళు పిలిస్తే వెళ్ళి, పిల్లలకు నేను గెలిచిన కథలు చెప్పి చప్పట్లు కొట్టించుకుని వస్తుంటాను. ఓడిపోయిన కథ ఒకటుంది, దాన్ని అక్కడ ఎప్పుడూ ఎత్తలేదు. కానీ నా ఉద్యోగం మొత్తంలో చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేసిన రోజు కూడా ఆ కథలోనే ఉంది. ఒకటి దాచి రెండోది చెప్పడం కుదరదు కాబట్టి రెండూ రాస్తున్నాను. బండి పని నేర్చుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి. మీకంటే ముందు మా ఎలక్ట్రీషియన్ నవ్వేశాడు కాబట్టి నాకు అలవాటే.

ఆ ఎలక్ట్రీషియన్ నా ఈడువాడు. రోజూ గద్వాల నుంచి బస్సులో వచ్చేవాడు. సెంటరులో అందరూ భాయ్ అనేవాళ్ళు. నన్ను ఆయన ఉస్తాద్ అనేవాడు, అందులో గౌరవం ఎంతో ఎకసెక్కెం ఎంతో ఇప్పటికీ తేలలేదు. నాది చెవుల వైద్యం, ఆయనది మిషన్ వైద్యం. స్టీరింగు కింద స్కానర్ తగిలించి, దాని తెర మీద అంకెలు చదివి జబ్బు చెప్పేవాడు. నేను చెప్పిందీ ఆయన చెప్పిందీ ఒకటే అయితే, "చూసినవా, నా మిషన్ నీ మాట విన్నది" అనేవాడు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక గురువారం, గద్వాల నుంచి ఒక ఆటోమేటిక్ కారు వచ్చింది. కొత్తదే, ఏడాది కూడా నిండలేదు. నడుపుకుంటూ వచ్చింది ఒక టీచరు. ధరూర్ అవతల ఒక ఊళ్ళో హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. క్లచ్ తొక్కే కాలు అదే కాబట్టి మామూలు కారు ఆమెకు కుదరదు. ఆటోమేటిక్‌లో ఎడమ కాలికి పనే లేదు, కుడి కాలొక్కటి చాలు. పక్కన కూర్చుని వచ్చింది ఆమె భర్త. విత్తన పత్తి వేసే రైతు. మనిషి మంచివాడే కానీ మాట తొందర.

"అన్నా, ఇది కారా ఏంది?" అంటూనే దిగాడాయన. "తొక్కితె ఇంజను లొల్లి పెడతది, బండి మాత్రం ఉన్నకాడ్నే ఉంటది. మొన్న ధరూర్ తొవ్వల గడ్డి ట్రాక్టర్‌ను దాటబోతిమి. సగం దాకా పోయినంక ఇది ఉరకలే. ఎదురుంగ బస్సు! ఎట్లనో మల్ల ట్రాక్టర్ ఎనకకు వచ్చి పడ్డం. నా పానం గొంతులకొచ్చింది."

"నేను గూడ అదే బండిల ఉన్న," అంది ఆమె నింపాదిగా. "నా పానం యాడికొచ్చిందో ఎవరు అడుగుతలేరు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"అమ్మేస్త అన్నా. గిట్లాంటి బండిల ఈమెను ఒక్కదాన్ని పంపి నేను ఇంట్ల ఎట్ల కూసోవాలె? బడికాడ నేనే దింపుత."

"పత్తిపూల క్రాసింగ్ పని మొదలైతే నువ్వు పొద్దుగాల చేన్లకు పోతవ్, మాపటికి వస్తవ్. ఏ యాళ్లకు దింపుతవ్?" అని ఆయన్ని అడిగి, ఆమె నా వైపు తిరిగింది. "అన్నా, ఈ కారు రాకముందు షేర్ ఆటోల పోయేదాన్ని. ఆటో అడ్డరోడ్డు కాడ దింపుతది. ఆడికెల్లి బడి దాకా ఈ కాలుతోని నడక. పద్నాలుగేండ్లు నడిచిన. ఇప్పుడు నా టైముకు నేను పోతున్న, నా టైముకు నేను వస్తున్న. బండికి నిజంగ రోగముంటె బాగు చెయ్యిండ్రి. లేదంటె లేదని ఈయనకు చెప్పుండ్రి."

ఇంత స్పష్టంగా మనిషి తన కష్టం చెప్పాక, చేతిలో పని ఉన్నవాడు ఎంత జాగ్రత్తగా ఉండాలి! నేను ఉండలేదు.

పాత జీపుల రోజుల నుంచి క్లచ్‌కు నేను చేసే పరీక్ష ఒకటుంది. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, గేరులో పెట్టి ఇంజను రేజ్ చేయాలి. క్లచ్ ప్లేటు బాగుంటే ఇంజను గింజుకుని ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అరిగినట్టు, అంటే ఇంజను బలం చక్రాలకు చేరనట్టు. ఈ కారుకూ అదే పరీక్ష పెట్టాను. బ్రేకు లాగి, తొక్కాను. ఇంజను ఆగలేదు. దర్జాగా తిరుగుతోంది. "దొరికింది దొంగ" అనుకున్నాను. తర్వాత ఇద్దర్నీ ఎక్కించుకుని పెబ్బేరు రోడ్డు మీద ఒక చక్కరు కొట్టాను. తొక్కగానే ఇంజను ఒక్కసారి హెచ్చుకు ఎక్కి, అక్కడే నిలబడి ఒకటే అరుపు. గేరు మారినప్పుడు వచ్చే తెరిపి లేదు, మళ్ళీ అందుకోవడం లేదు.

"విన్నరా? ఇంజను మీదికి పోయింది, బండి రాలే," అన్నాను.

"అన్నా, మీరు మీటర్ చూసిండ్రా?" అని వెనక సీట్లోంచి టీచరు అడిగింది.

"నాకు మీటర్‌తోని పని లేదమ్మా," అని నా చెవి మీద వేలుతో కొట్టి చూపించాను. ఇప్పటికీ ఆ వేలు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

సెంటరుకు వచ్చి జాబ్ కార్డు మీద 'క్లచ్ ప్లేటు అరిగింది, మార్చాలి' అని రాసి సంతకం పెట్టాను. అంతటితో ఆగినా బాగుండేది. అడగని సలహా కూడా ఇచ్చాను. "ఇసొంటి బండ్లు పట్నంల బజారుకు పోయి వచ్చేటందుకు మంచిగుంటయి. మన ట్రాక్టర్ల రోడ్లకు పనికి రావు. అమ్ముతె అమ్ముకోండ్రి." ఆయన జాబ్ కార్డు కాపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కారు మా దగ్గరే వదిలి ఇద్దరూ గద్వాల బస్సు ఎక్కారు. బస్సు మెట్లు ఎత్తుగా ఉంటాయి కదా, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఆమె ఎక్కడం గేటు దగ్గరి నుంచి చూశాను. చూసి, భోజనానికి వెళ్ళాను.

శుక్రవారం పొద్దున భాయ్ నా జాబ్ కార్డు పట్టుకుని వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది, కోపంతో అనుకున్నాను. అది నవ్వు ఆపుకోవడం వల్ల.

"ఉస్తాద్, పార్ట్‌ల లిస్టు మొత్తం ఎతికిన. ఈ బండికి క్లచ్ ప్లేటే లేదు. లేని ప్లేటు అరిగిందని రాసినవ్. నిఖా గాకముందే తలాక్ ఇచ్చినవ్ గదా!"

షెడ్డంతా గొల్లుమంది. సంగతి ఏమిటంటే, ఈ రకం బండ్ల మీద కంపెనీ వాళ్ళు హైదరాబాదులో రెండు రోజులు ట్రైనింగు పెట్టినప్పుడు వెళ్ళింది నేనే. వెనక బెంచీలో ఏసీ కింద హాయిగా నిద్రపోయిందీ నేనే. ఆ తర్వాత మా సెంటరుకు అలాంటి కార్లు వచ్చినా ఆయిలు మార్చడానికే వచ్చాయి, నా బండారం బయటపడే అవసరం రాలేదు. కానీ ముప్పై ఏళ్ళు దాటిన పెద్దరికం అంత త్వరగా దిగుతుందా?

"ప్లేటు లేకుంటె ఇంకోటేదో జారుతున్నది. జారుడైతె నిజం. నా చెవులు అబద్ధం చెప్పవు," అన్నాను.

"నా మిషన్ ఏం జారుతలేదు అంటున్నది."

"నీ మిషన్‌కు చెవులున్నయా?"

భాయ్ వెళ్ళి ఆ కారు డిక్కీ తెరిచాడు. విత్తన పత్తి రైతు బండి కదా, మూలల్లో పత్తి ఇరుక్కుని ఉంది. చిటికెడు తీసి, గింజ ఒలిచి, రెండు ఉండలు చేశాడు.

"ఇవి చెవులల్ల పెట్టుకో. పక్కన కూసో. మాట్లాడొద్దు, ఇనొద్దు. స్పీడు మీటర్ల ముల్లు చూడు, అంతే."

పంతానికి పెట్టుకున్నాను. మళ్ళీ అదే పెబ్బేరు రోడ్డు. ఎదురుగా ఎవరూ లేనిచోట భాయ్ నలభైలో ఉండి తొక్కిపట్టాడు. చెవుల్లో ఏదో దూరంగా మూలుగు తప్ప ఏమీ లేదు. ముల్లు మొదట ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత కదిలింది. యాభై. అరవై. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు, బావిలోంచి చేద లాగినట్టు ఒకే ఊపున డెబ్భై, ఎనభై! నా వీపు సీటుకు అతుక్కుంది. ఆ సంగతి నిన్న కూడా జరిగే ఉంటుంది, నేనే వీపు మాట వినలేదు. పత్తి పీకేశాను. ఇంజను నిన్నటి లాగే ఒకే శ్రుతిలో అరుస్తోంది, ముల్లు మాత్రం పైకి పోతూనే ఉంది.

"మల్లొకసారి!" అని అరిచాను.

"ఇగో, దారిల వడ్డవ్," అన్నాడు భాయ్.

ఆ రోజు ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. అదే మోడలు, అదే ఇంజను, మామూలు గేర్లది ఒకటి షోరూములో టెస్ట్ డ్రైవుకు ఉండేది. దాన్నీ తెచ్చి, చెవులు మూసుకుని ముల్లు చూశాను. అది ఎక్కి, గేరు మార్చేటప్పుడు ఆగి, మళ్ళీ ఎక్కింది. ట్రైనింగులో నిద్రపోతూ పోగొట్టుకున్న పాఠం నాకు అప్పుడు తలకెక్కింది. మామూలు బండిలో గేర్లంటే మెట్లు. ఒక మెట్టు మీద ఇంజను గొంతు పెరుగుతుంది, దానితోపాటే వేగం పెరుగుతుంది, పై మెట్టు ఎక్కగానే గొంతు తగ్గి మళ్ళీ మొదలవుతుంది. ఈ బండిలో మెట్లు లేవు. రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక ఉక్కు బెల్టు. పిండి గిర్నీలో బెల్టు చూసుంటారు, ఇంచుమించు అలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ పుల్లీలు వాటంతటవే వెడల్పవుతాయి, ఇరుకవుతాయి. బెల్టు పైకీ కిందికీ జరుగుతూ గేరును క్షణక్షణం మారుస్తూ ఉంటుంది. మనం గట్టిగా తొక్కితే, ఇంజను ఎక్కువ బలం ఇచ్చే చోటికి వెళ్ళి అక్కడే నిలబడుతుంది. వేగం పెంచే పని పుల్లీలు చూసుకుంటాయి. అందుకే అరుపు మారదు, బండి మాత్రం ఉరుకుతుంది. క్లచ్ ప్లేటు ఉండాల్సిన చోట నూనెతో బలం అందించే డబ్బా ఉంటుంది కాబట్టి, బ్రేకు లాగి తొక్కినా ఇంజను ఆగదు. నా చెవులు ఇన్నేళ్ళూ గొంతు పెరిగితేనే వేగం అని నేర్చుకున్నాయి. గొంతు నిలబడితే బండి నిలబడిందనుకున్నాయి.

ఇంకొక సంగతి నేను స్టీరింగు పట్టుకున్నప్పుడు బయటపడింది. తొక్కాను. ఇంజను అరిచింది. నా కుడి కాలు, నన్ను అడగకుండానే, కొంచెం పైకి లేచింది! ఇన్నేళ్ళు ఇంజన్లను కాపాడిన కాలు అది, అరుపు వింటే దానికి జాలి. కాలు లేవగానే పుల్లీలు సడలిపోయాయి, మళ్ళీ తొక్కితే మళ్ళీ మొదటి నుంచి అందుకోవాలి. ధరూర్ దారిలో ట్రాక్టర్ పక్కన ఏం జరిగిందో నాకు కళ్ళకు కట్టినట్టు తెలిసింది. బండి మోసం చేయలేదు. అరుపుకు భయపడి ఆమె కాలు తీసింది. బండి ఆగింది. ఆగిన బండిని నేను చచ్చిన బండి అని సంతకం పెట్టాను.

శనివారం భర్తకు ఫోన్ చేశాను.

"మంచిగ చేసినవ్ అన్నా," అన్నాడాయన. "నేనే చేద్దమనుకున్న. రేపు మాపటికి రాయచూరు మనిషి వస్తుండు, బండి చూస్త అన్నడు. నువ్వు రాసిన కాయితం గూడ చూపిస్త, దాపరికం ఎందుకు. మధ్యాహ్నం వరకు బండి తెస్తవా?"

తప్పు రాశాను అని చెప్పడానికి ఫోన్ చేసి, ఆ మాట తప్ప అన్నీ మాట్లాడాను. చివరికి, "రేపు పొద్దున మేడంను తీసుకొని వనపర్తికే రాండ్రి. అమ్మేముందు ఒక్కసారి చూసుకోవాలె," అన్నాను. పక్కన భాయ్ తల కొట్టుకున్నాడు.

వనపర్తి బయట ఒక వెంచరు ఉండేది. గేటు మీద రెండు సిమెంటు ఏనుగులు, లోపల అర కిలోమీటరుకు పైగా కత్తి గీసినట్టు నల్లటి తారు రోడ్డు, రెండు వైపులా నంబర్లు వేసిన ప్లాటు రాళ్ళు. ఒక్క ఇల్లు లేదు. వాచ్‌మన్‌తో మాట్లాడి, ఆయన మేకల్ని ఒక పక్కకు తోలించి, గేటు వేయించాం. ఆదివారం ఎనిమిదింటికల్లా భార్యాభర్తలు తమ జీపులో వచ్చారు. ఆమె కారు, షోరూము గేర్ల కారు పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

ముందు పని ముందు. నేను ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"ఆ కాయితం జర ఇయ్యి." ఇచ్చాడు. "ఇది తప్పు. ఈ బండికి క్లచ్ ప్లేటే లేదు. నేను రాసింది తప్పు."

"మరి అమ్ముకోండ్రి అంటివి గదా?"

"అది గూడ తప్పే."

కాగితం నాలుగు ముక్కలు చేశాను. టీచరు నా వైపు చూస్తూ అడిగింది, "మీటర్ చూసిండ్రా అన్నా?"

"చూసిన మేడం. చెవులల్ల మీ పత్తి పెట్టుకొని చూసిన."

ఆమె పెద్దగా నవ్వింది. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "మాటలు గాదు. నేను గేర్ల బండి నడుపుత, ఆమె ఆమెది నడపనీ. కండ్లతోని చూస్తె నమ్ముత," అన్నాడు. నాకు కావలసిందీ అదే. ఆమె పక్కన నేను కూర్చున్నాను. భాయ్ తన ఎర్ర రుమాలు తీసుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు.

మొదటిసారి ఆగి ఉన్నచోటి నుంచి. రుమాలు పడింది. ఆయన మొదటి గేరులో ఎగిరి దూకాడు, మా కారు ఒక క్షణం ఆలోచించి కదిలింది. ఒక బండి పొడుగు తేడాతో ఆయనే గెలిచాడు. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "ఇంకేం చెప్తవ్ అన్నా?" అన్నాడు. ఉన్నమాట చెప్పాలి కదా, ఆగినచోటి నుంచి దూకడంలో చెయ్యి తిరిగిన గేర్ల డ్రైవరుదే పైచేయి. "ట్రాక్టర్ ఎనక ఆగి ఉంటవా? నడుస్తుంటవ్. రోడ్డు మీద ఎట్ల నడుపుతవో అట్లనే నాలుగో గేర్ల నలభై మీద రా. రుమాలు పడ్డంక ఎట్లన్న ఉరుకు," అన్నాను.

రెండోసారి. రెండు కార్లూ పక్కపక్కన నలభైలో వస్తున్నాయి. రుమాలు పడింది. ఆమె తొక్కింది. ఇంజను అరిచింది. నేను ముల్లు చూడలేదు, ఆమె పాదం చూస్తున్నాను. లేచింది! అచ్చం నాది లేచినట్టే. ఈలోగా ఆయన మూడో గేరుకు దిగి మమ్మల్ని దాటేశాడు. ఇది కూడా పోతే రాయచూరు మనిషికి చాయ్ పోయడమే మిగిలింది.

"మేడం, కాలు తీసిండ్రు."

"లేదు."

"తీసిండ్రు. మొన్న నేను గూడ తీసిన, నాకే తెల్వలే." జేబులోంచి పత్తి ఉండలు తీశాను. "ఇవి పెట్టుకోండ్రి. అరుపు ఇనబడదు."

ఆమె వాటి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "చెవులు మూసుకొని ఓవర్‌టేక్ చేస్తనా అన్నా? ఎదురుంగ వచ్చేటోని హారన్ ఎవరు ఇంటరు? ఒక్కటి చెప్పుండ్రి. ఆ అరుపంటే బండి పని చేస్తున్నట్టా, చెడిపోయినట్టా?"

"చేస్తున్నట్టు."

"ఖాయమా? మల్ల కాయితం చింపరు గదా?"

"ఖాయం మేడం."

"అయితె అరవనీ. మా ఆరో తరగతి పిల్లలు ఇంతకన్న ఎక్కువ అరుస్తరు. పాఠం ఆపుతనా?"

మూడోసారి. ఆమె దవడ బిగించింది. నలభై. రుమాలు పడింది. తొక్కింది. ఇంజను హెచ్చుకు పోయి ఒకటే కేక! పాదం చూశాను. కదలలేదు. యాభై. పక్క కారులో ఆయన చెయ్యి గేరు కడ్డీ మీద పడింది, ఆ కారు ముక్కు ఒక్కసారి కిందికి వంగింది, అంతే, మా బానెట్ ముందుకు వచ్చింది. అరవై. పాదం కదలలేదు. ప్లాటు రాళ్ళు పక్కనుంచి పరుగెడుతున్నాయి. డెబ్భై. ఆయన కిటికీ నా వెనక్కి పోయింది. ఎనభై! "ఇగ బ్రేక్, ఇగ బ్రేక్!" అని నేను అరుస్తున్నాను, ఆమె కూడా ఏదో అరుస్తోంది, ఇంజను మా ఇద్దరికంటే ఎక్కువ అరుస్తోంది. బండి ఆగాక తలుపు తీసుకుని దూకి, వయసు మర్చిపోయి గంతేశాను. భాయ్ రుమాలు గాల్లోకి విసిరి పరుగెత్తుకుంటూ వస్తున్నాడు, మేకలు తలో దిక్కూ పారిపోతున్నాయి, వాచ్‌మన్ మమ్మల్ని తిడుతున్నాడు. టీచరు స్టీరింగు మీద రెండు చేతులూ ఉంచి అలాగే కూర్చుంది. కళ్ళు తడిగా ఉన్నాయి, మొహమంతా నవ్వు.

భర్త మెల్లగా దిగాడు. "గేర్ మార్చేకాడ లేటయింది. ముందుగాల్నే మూడుల ఉంటె చూపిస్తుంటి," అన్నాడు.

"ఉండు," అంది ఆమె.

నాలుగోసారి ఆయన మూడులోనే వచ్చాడు. రెండు కార్లూ దాదాపు భుజం భుజం కలిపి వెళ్ళాయి, ఎవరు ముందో భాయ్ కూడా తేల్చలేకపోయాడు. అది కూడా న్యాయమే. ఈ బండి ఏదో మాయ బండి అని నేను చెప్పడం లేదు. కానీ భాయ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "సేట్, ట్రాక్టర్ ఎప్పుడొస్తదో ముందుగాల తెల్సుకొని నువ్వు గేర్ ఏసుకోవాలె. మేడం కాలు పెడితె చాలు," అన్నాడు. ఆయన ప్లాటు రాళ్ళ వైపు చూసి, "వెంచర్ల ట్రాక్టర్లు లేవు. రోడ్డు మీద చూద్దం," అన్నాడు.

ఆమె తన కారులో ఒక్కతే ముందు. వెనక జీపులో ఆయన, పక్కన నేను, వెనక సీట్లో భాయ్. హైవే మీద ఏముంది, అందరూ దాటగలరు. బీచుపల్లి వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తా దగ్గర గద్వాల రోడ్డుకు తిరిగాక అసలు సంగతి. రెండు వరుసల రోడ్డు, ఎదురుగా బస్సులు. కొంత దూరం పోగానే దొరికింది, రోడ్డు సగం నిండేలా గడ్డి మోపులు ఎత్తిన ట్రాక్టర్. మొన్నటిదానికి తోబుట్టువులా ఉంది. ఆమె దాని వెనక చేరింది. ఒక లారీ వచ్చింది, పోనిచ్చింది. ఒక బస్సు వచ్చింది, పోనిచ్చింది. ఆయన వేళ్ళు స్టీరింగు మీద తెల్లబడ్డాయి.

రోడ్డు ఖాళీ అయింది. ఆమె ఇండికేటర్ వెలిగింది. కారు కుడికి జరిగింది, ఇంజను కేక మా దాకా వినిపించింది.

"తియ్యకు," అన్నాడాయన, గొణుగుతున్నట్టు. "కాలు తియ్యకు, తియ్యకు, తియ్యకు..."

తీయలేదు. కారు గడ్డి మోపుల పక్కనుంచి ఒక్క గుక్కలో జారిపోయి, ట్రాక్టర్ ముందు మళ్ళీ ఎడమకు వచ్చి, చిన్నదై పోయింది. భాయ్ "షాబాష్!" అని సీటు మీద గుద్దాడు. నేను ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. ఆయన దాటుదామని నాలుగులోంచి మూడుకు వేసేసరికి ఎదురుగా వరుసగా మూడు బస్సులు. మేము గడ్డి వాసన చూస్తూ ట్రాక్టర్ వెనకే ఉండిపోయాం.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది. రాయచూరు మనిషి. చెయ్యి ఖాళీ లేదు కాబట్టి భాయ్ ఎత్తి స్పీకరు పెట్టాడు. బయలుదేరాను, బండి ఇంటి దగ్గరే ఉందా అని అవతలి గొంతు అడిగింది.

ఆయన ముందున్న రోడ్డు వైపు మెడ సాచి చూశాడు. కారు ఎక్కడా కనబడలేదు.

"రాకు అన్నా," అన్నాడు. "ఆ బండి నాది గాదు, మా ఇంటామెది. అమ్ముతవా అని ఆమెనే అడగాలె. అడుగుదమంటె ఇప్పుడు నాకు గూడ అందుతలేదు."